‘నాది’ అని అరవాలి

మా కాలనీలో ఆడవాళ్ల ఆటలంటే మొన్నమొన్నటి దాకా రెండే. నోట్లో చెంచా పెట్టుకుని దాని మీద నిమ్మకాయతో నడవడం ఒకటి, పాట ఆగగానే కుర్చీ కోసం కొట్లాడడం ఇంకొకటి. ముగ్గుల పోటీ కూడా ఉండేది గానీ అది ఆటో, ఇంటి పనో ఎవరూ తేల్చలేదు. గెలిచినవాళ్లకు స్టీలు గిన్నె ఇచ్చేవారు, వంటింటి దారి మరిచిపోకుండా. మగవాళ్లకు మాత్రం వాలీబాల్, కప్పు. ఆ కప్పులో ఎవరూ పప్పు వండిన పాపాన పోలేదు.

మాది గోదావరి వైపు బొగ్గుబావుల పక్కన కట్టిన క్వార్టర్ల కాలనీ. మా ఆయన బావిలో పనిచేస్తాడు. నేను నలభై దాటినదాన్ని. చదివింది డిగ్రీ, చేసేది చాయ్. ఈ ఏడు కొత్తగా వచ్చిన ఆఫీసరెవరికో ఆడవాళ్లు కూడా వాలీబాల్ ఆడితే బాగుంటుందని తోచింది. వెంటనే మా క్లబ్బు సెక్రటరీ మమ్మల్ని పిలిపించి, భూదానం చేస్తున్నవాడి ముఖం పెట్టుకుని చెప్పాడు.

"పొద్దుమీకి ఐదింటికెళ్లి ఆరింటి దాక కోర్టు మీకిస్తున్నం. వార్షికోత్సవంల పక్క కాలనీ ఆడోళ్లతోని మ్యాచ్ ఉంటది. మంచిగ ఆడితిరా, గా గంట ఎప్పటికి మీదే. ఆడకపోతిరా, మల్ల మొగోళ్లకే."

ఆ గంట నాకు కావాలి. వాలీబాల్ మీద ప్రేమతో కాదు. మా ఆయన ఫస్ట్ షిఫ్టు దిగివచ్చి, స్నానం చేసి, ఓ కునుకు తీసి, సరిగ్గా ఐదింటికి కుర్చీలో కూర్చుని "ఏమాయె?" అంటాడు. అసలు వాక్యం "చాయ్ ఏమాయె?" అనేది. పెళ్లయిన కొత్తలో మొత్తం అనేవాడు. తర్వాత సగం దండగనుకున్నాడు. ఆయనకు రెండో షిఫ్టు పడిన వారం అదే కుర్చీలో మా కొడుకు కూర్చుంటాడు, వాడూ అదే మాట అంటాడు. రోజుకు ఒక్క గంట ఆ మాట నా చెవిన పడకుండా ఉంటే చాలని నాకెంత ఆశగా ఉండేదో చెప్పలేను.

మాకు ఆట నేర్పడానికి హైస్కూలు పీఈటీ సారు వచ్చాడు. మొదటి రోజు అందరం నైటీల మీద తువ్వాళ్లు కప్పుకుని వెళ్లాం. ఆయన విజిల్ నోట్లోంచి తీసి, "అమ్మా, వాలీబాల్‌కచ్చిండ్రా, నల్లాకాడికచ్చిండ్రా?" అన్నాడు. మర్నాటి నుంచి పంజాబీ డ్రెస్సులు వేసుకున్నాం. గాజులు తీయనన్నవాళ్లు వాటి మీద చేతిరుమాళ్లు చుట్టుకున్నారు. ఎవరైనా చూస్తే మణికట్లు విరిగినవాళ్లంతా ఒక జట్టు కట్టారనుకుంటారు.

ముందు అండర్‌హ్యాండ్. రెండు చేతులు జోడించి, బొటనవేళ్లు పక్కపక్కన పెట్టి, మోచేతులు వంచకుండా బంతిని ముంజేతుల మీదికి తీసుకోవాలి. చేతులు జోడించడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే గనుక అది వెంటనే వచ్చేసింది. వంగకుండా ఉండడమే రాలేదు. వారం తిరిగేసరికి నా ముంజేతులు కమిలిపోయాయి. మా ఆయన చూసి, "గివేంది? ఎవలన్న కొట్టిండ్రా?" అని అడిగాడు.

"బంతి కొట్టింది."

"బంతిని నువ్వు కొట్టాలె గని, నిన్ను బంతి కొట్టుడేంది?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. అన్నట్టు ఆ రోజు చాయ్ ఆరున్నరకు తాగాడు.

రొటేషన్ మాత్రం మాకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. సర్వీసు మన వైపుకు రాగానే అందరూ ఒక్కో స్థానం జరగాలని సారు నేల మీద గీతలు గీసి చెప్పబోతుంటే, మా పక్క క్వార్టరామె ఆపేసింది. ఆమెది జైనూర్ దిక్కు. మరాఠీ కలిసిన తెలుగు. "అగ్గబాయీ! షిఫ్టు మారుడే గద సారూ, గిదేం కొత్త?" అంది. సారు కాలితో గీతలు చెరిపేశాడు.

అసలు చిక్కు ఒక్క మాట దగ్గర వచ్చింది. బంతి ఇద్దరి మధ్యకు వస్తే ఎవరో ఒకరు "నాది" అని గట్టిగా అరవాలట. అరిచినవాళ్లే బంతి తీసుకోవాలి, మిగిలినవాళ్లు తప్పుకోవాలి. సారు బంతి విసిరాడు. ఆరుగురం తలలెత్తి, ఒక్క గొంతుతో, "మనది! మనది!" అని అరిచాం. బంతి మా మధ్యన నేల మీద పడి, రెండుసార్లు ఎగిరి, ఊరుకుంది.

"మనదంటె ఎవలిదమ్మా?" అన్నాడు సారు.

మా ఇళ్లల్లో ఆ మాటల వాడకమే వేరు. క్వార్టరు, బండి, టీవీ రిమోటు మా ఆయనవి. వాటికి "నాది" అంటాడు. కొడుకు పాసైతే "నా కొడుకు", తప్పితే "నీ కొడుకు". ఇక "మన" అన్నాడంటే నాకు గుండె దడే. "మనింటికి చుట్టాలొస్తుండ్రు" అంటే వండేది నేనని అర్థం.

దానికి తోడు మా జట్టులో ఓవర్‌మెన్ భార్య ఉంది. ఓవర్‌మెన్ అంటే బావిలో మా మొగుళ్లకు పని పంచేవాడు. బంతి ఆమె చుట్టుపక్కలకు వస్తే చాలు, మేమంతా మర్యాదగా వెనక్కి తగ్గి, "మీరు కొట్టుండ్రక్కా" అనేవాళ్లం. ఆమె కదిలేది కాదు. బంతి కూడా ఎవరో తెచ్చి చేతికి అందిస్తారని ఆమె నమ్మకం. సారు తల పట్టుకుని, "బాయిల కొలువులు బాయిలనే ఇడిసిపెట్టి రాండ్రి!" అని అరిచేవాడు.

నేను ఇంట్లో సాధన మొదలుపెట్టాను. ఒకరోజు స్టవ్ ముందు నిలబడి "నాది! నాది!" అంటుంటే మా కొడుకు వచ్చి, "ఏం పోయిందే మమ్మీ?" అని అడిగాడు. చాలా పోయిందిరా అనబోయి, కూర కలిపాను.

మ్యాచ్ రోజు మేము ఓడిపోయాం. ఏదో పోరాడి ఓడామని రాసుకోను, చిత్తుగా ఓడాం. మొదటి సెట్టంతా బంతిని "మీరక్కా", "కాదు నువ్వే" అని పేరంటంలో తాంబూలంలా ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకున్నాం. రెండో సెట్టులో ఒక్కసారి, బంతి సరిగ్గా ఓవర్‌మెన్ భార్య నెత్తి మీదికి వస్తుంటే, ఎక్కడి నుంచి వచ్చిందో గానీ నా నోట్లోంచి "నాది!" అని కేక వచ్చింది. ఆమె బెదిరి పక్కకు తప్పుకుంది. బంతి నా ముంజేతుల మీద పడి, నెట్ దాటి, అవతల ఎవరూ లేనిచోట దిగింది. ఒక్క పాయింటు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

ఆట అయ్యాక సెక్రటరీ మా దగ్గరికి వచ్చి, "ఏం ఫికర్ చెయ్యకుండ్రి. ముగ్గుల పోటీ ఉండనే ఉన్నది. రేపటికెళ్లి మొగోళ్లు ఆడుకుంటరు" అన్నాడు. మా కాలనీ మగవాళ్ల జట్టు గెలవగా నేనెన్నడూ చూడలేదు. ఓడిన ప్రతిసారీ వాళ్లకు బిర్యానీ పెట్టించారే తప్ప కోర్టు లాక్కున్నట్టు వినలేదు. ఆ రాత్రి నాకు కోపంతో అన్నం సహించలేదు.

మర్నాడు ఐదింటికి ఆరుగురం మళ్లీ వెళ్లాం. మగవాళ్లు అప్పటికే నెట్ బిగిస్తున్నారు. వాళ్లలో మా ఆయన ఉన్నాడు, పొట్ట మీద బిగుతైన టీషర్టుతో. సెక్రటరీ ఎదురొచ్చి, "నిన్ననే చెప్తిని గదమ్మా. గీ గంట ఎవలిది?" అన్నాడు. జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదది.

"నాది!" అని అరిచాను. అలవాటైపోయిన గొంతు.

నా వెనక నుంచి, ఎన్నడూ ఆ మాట అనని ఓవర్‌మెన్ భార్య, "నాది" అంది. జైనూర్ ఆమె అంది. ఆరుగురమూ అన్నాం.

మా ఐకమత్యానికి జడిసి మగవాళ్లు తప్పుకున్నారని రాయాలనే ఉంది. కానీ వాళ్లు మా అందరి కేకలూ విని కదల్లేదు. ఓవర్‌మెన్ భార్య గొంతు విని కదిలారు. పొద్దున్నే బావిలో ఎవరిని ఏ మూలకు పంపాలో చెప్పేది ఆమె మొగుడు. సెక్రటరీ కూడా ఆ బావిలోనే దిగాలి. ఎవరి భయం వల్ల వచ్చినా గంట గంటే అనుకుని నేను బంతి తీసుకున్నాను.

అందరికన్నా చివర మా ఆయన కదిలాడు. గీత దాటుతూ నా దగ్గర ఆగి, గొంతు తగ్గించి, నిజంగానే పరేషాన్ అయిన ముఖంతో అడిగాడు.

"మరి చాయ్?"

"గది నీది" అని సర్వీసు కొట్టాను. బంతి నెట్‌కు తగిలి నా వైపుకే దొర్లుకుంటూ వచ్చింది. తెచ్చుకుని మళ్లీ కొట్టాను.