రాళ్ళ గోడ వెనక దగ్గు

నిన్న సాయంత్రం వాన పడుతోంది. వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే బేస్‌మెంట్ మెట్ల మీద దగ్గు వినిపించింది. ముందు ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. నా చేతిలో చాకు ఆగిపోయింది. అది మా మామగారి దగ్గు. ఆయన పోయి పదిహేనేళ్ళు దాటింది. పైగా బతికుండగా ఆయన అమెరికా మొహమే చూడలేదు.

మామగారిది పాతకాలపు మర్యాద. లోపల ఆడవాళ్ళు ఉంటారని, సొంత ఇంట్లోకైనా సరే గుమ్మం దగ్గర రెండుసార్లు దగ్గితే గానీ అడుగు పెట్టేవారు కాదు. ఆ దగ్గు వినగానే మా అత్తగారు ఏ పనిలో ఉన్నా లేచి కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టేవారు. భార్యను పేరు పెట్టి పిలవడం ఆయన ఎరగరు. అన్నేళ్ళ కాపురంలో ఆ దగ్గే ఆవిడ పేరు.

ఆయన పోయిన ఏడాది, అంటే రెండువేల పది ప్రాంతంలో, అత్తగారిని మా దగ్గరికి తీసుకొచ్చాం. పెన్సిల్వేనియాలో మేం అప్పుడే కొన్న ఇల్లు వందేళ్ళ నాటిది. పైనంతా చెక్క, కింద బేస్‌మెంట్‌కి మాత్రం రాళ్ళ గోడలు. ఒక రాయి ముందుకి, ఒక రాయి వెనక్కి, దేని ఇష్టం దానిది. వాన పడితే ఆ సందుల్లోంచి నీళ్ళు ఊరేవి. వాటిని బయటికి తోడడానికి మూల గుంటలో ఒక పాత పంపు ఉండేది. అత్తగారు ఎందుకో ఆ చీకటి గుయ్యారంలోనే కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని కూర్చునేవారు. పైకి రమ్మంటే "ఇక్కడ బాగుందిలే అమ్మాయ్" అనేవారు. పంపు మోగినప్పుడల్లా ఉలిక్కిపడినట్టు లేచేవారు. పైకొచ్చి కాఫీ కలుపుకుని మళ్ళీ దిగేవారు. గోడలోంచి అరుగులా పొడుచుకొచ్చిన ఒక రాయి మీద తరచూ కాఫీ గ్లాసు కనిపించేది, నిండుగా, మీగడ కట్టి. మరిచిపోయారు కాబోలనుకుని కడిగి బోర్లించేదాన్ని.

అమ్మ ఇక మా దగ్గరే ఉండిపోవాలని మా ఆయనకు పెద్ద ఆశ. ఆవిడకి నచ్చిన చోటునే వెచ్చని గదిగా మార్చేస్తే వెళ్తాననదు కదా అనుకున్నారు. కంప్యూటర్ తప్ప సుత్తి పట్టి ఎరగని మనిషి, శనాదివారాలు వీడియోలు చూసి రంగంలోకి దిగారు. ముందు చలి ఆపే ఫోమ్ అట్టలు తెచ్చి గోడకి అతికించబోయారు. ఎగుడుదిగుడు రాళ్ళకి అట్ట ఎక్కడ అంటుతుంది? ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేచేది. కొన్ని వారాలు గోడతో కుస్తీ పట్టి, చివరికి గోడకి కాస్త ఎడంగా చెక్క ఫ్రేము నిలబెడదామన్నారు. పొడుచుకొచ్చిన ఆ రాయి అడ్డమొస్తోందని కొట్టెయ్యబోతే, "దాని మానాన దాన్ని ఉండనీరా నాన్నా" అన్నారు అత్తగారు. సరేనని ఫ్రేమునే ఇంకాస్త ముందుకి జరిపారు. ఆ తరవాత మనుషులు వచ్చి వెనక ఖాళీలో ఫోమ్ కొట్టారు. అది పులిసిన పిండిలా పొంగి సందులన్నీ, ఆ రాయితో సహా, మూసేసింది. దాని మీద తెల్లటి గోడ, కింద కార్పెట్. పంపు చప్పుడుకి అమ్మ బెదురుతోందని పాతది పారేసి, మోగని కొత్త పంపు పెట్టించారు.

గది తయారైన వారమే పెద్ద వాన. సాయంత్రం నేను కిందికి దిగేసరికి అత్తగారు గది మధ్యలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇదెక్కడ పెట్టను అమ్మాయ్?"

"టేబుల్ ఉందిగా అత్తయ్యా."

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "వాన పడితే మీ మామయ్యగారు వచ్చేవారు. పొద్దుట్నించీ చూస్తున్నా. దగ్గు వినబడలేదు."

నాకు అప్పుడు వెలిగింది. నీళ్ళు తోడే ముందు ఆ పాత పంపు నిజంగానే రెండుసార్లు పొడిగా దగ్గేది. అన్నాళ్ళూ మేం విన్నది పంపునే.

సంగతి తెలియగానే మా ఆయన చెత్త డబ్బా దగ్గరికి పరిగెత్తారు. పాత పంపు అప్పటికే చెత్త బండిలో వెళ్ళిపోయింది. "సౌండ్ వచ్చేదే కొంటానమ్మా, రేపే ఆర్డర్ చేస్తాను" అన్నారు. అత్తగారు నవ్వి కొడుకు తల నిమిరారు. "పిచ్చినాన్నా, కొనుక్కొస్తే వస్తారట్రా?"

నెల తిరక్కుండా ఆవిడ హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళకి అక్కడే పోయారు. మా ఆయన చాలాకాలం ఆ గది తలుపు తియ్యలేదు. ఇంటి నుంచే ఆఫీసు పని మొదలయ్యాక మాత్రం పగలంతా అక్కడే కూర్చుంటున్నారు.

నిన్న దగ్గుతూ మెట్లెక్కి వచ్చింది ఆయనే. తండ్రి వయసుకి దగ్గరపడుతున్నారు. ఇన్నేళ్ళలో ఆ దగ్గు ఆయన గొంతులో ఎప్పుడూ వినలేదు. కుర్చీలో కూర్చుని, "కాఫీ కావాలని ఎలా తెలిసింది? నేను అడగనేలేదే" అన్నారు. తిరిగి చూస్తే పొయ్యి మీద పాలు పొంగడానికి వచ్చాయి. ఎప్పుడు లేచి పెట్టానో నాకే తెలీదు. గోడకి ఎంత మందాన ఫోమ్ కొట్టించినా కాలం ఏదో సందు చూసుకుని లోపలికి వస్తూనే ఉంటుంది. కాకపోతే మర్యాద తెలిసింది, దగ్గి మరీ వస్తుంది.