మా అన్న పెంచిన పురుగులు

మా అన్న భానుప్రసాద్ చేసిన పని పురుగులు పెంచడం. బోధన్‌లో మా వీధి చివరి చాయ్ హోటల్లో ఆయన్ని పురుగుల ప్రసాద్ అనేవాళ్లు. "నువ్వు పురుగులను సంపుతవా, సాదుతవా?" అని ఎవరైనా అడిగితే, "సాది సంపిస్త" అని చాయ్ ఊదుకుంటూ కూర్చునేవాడు. అంతకుమించి వాదించేవాడు కాదు.

చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అక్కడి ప్రయోగశాలలో పనిచేశాడు. అది మూతబడ్డాక తోటివాళ్లు తలా ఒక ఊరు పట్టుకున్నారు. ఆయన ఒక ప్లాస్టిక్ తొట్టి నిండా జొన్న రవ్వ, అందులో పాకే పురుగులు పెట్టుకుని ఇంటికి వచ్చాడు. వెనక గది వాటికి ఇచ్చేశాడు. సవిత వదిన కొన్నాళ్లు మాట్లాడలేదు. తర్వాత తనే జొన్నలు విసరడం మొదలుపెట్టింది.

పని ఇదీ. జొన్న రవ్వలో పెరిగిన పురుగులు రెక్కల పురుగులై గుడ్లు పెడతాయి. ఆ గుడ్లను జిగురుతో అట్టముక్కల మీద అంటించి, వాటి మీదికి కంటికి ఆనని కందిరీగలను వదలాలి. అవి ఈ గుడ్లలో తమ గుడ్లు పెడతాయి. ఆ అట్టను చెరకు ఆకు అడుగున పిన్ను కొడితే, పిల్ల కందిరీగలు బయటికొచ్చి, చెరకు మొవ్వును, అంటే నడి చిగురును, తొలిచే పీక పురుగు గుడ్లను వెతుక్కుంటూ పోతాయి. పీక పురుగు పుట్టకముందే పోతుంది. బయటి ఊళ్లనుంచి తెప్పించిన కందిరీగలు మన ఎండకు ఆగవని, వేసవికి తట్టుకుని మిగిలినవాటి సంతతినే అన్న ఏటేటా నిలుపుకుంటూ వచ్చాడు. ఆ సంతతి మా వెనక గదిలో తప్ప ఇంకెక్కడా లేదు.

చెరకు రైతు వీరరాఘవయ్యది కాలవ పక్క క్యాంపు, వలస వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన తోటలోకి మొదటిసారి పోయినప్పుడు అన్న ఒక మొక్క దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాడట. మందు కొట్టిన చెరకులో సాలీడు లేదు, అక్షింతల పురుగు లేదు. "మందు కొడితే ముందుగాల మనోళ్లే సస్తరు, రాఘవయ్య గారూ. పీక పురుగు మొవ్వుల దాసుకుంటది, దానికేం గాదు" అన్నాడట. ఈ మాట వీరరాఘవయ్యే నాకు చెప్పాడు. ఈ ఏడు కాలవ గట్టు తోటను మందు లేకుండా వదిలాడు. ఆయన కొడుకు సతీష్‌బాబుకు అది ఇష్టం లేదు. స్ప్రేయరు, డబ్బాలు తెచ్చి షెడ్డులో సిద్ధంగా పెట్టుకున్నాడు.

చెరకు పిలకలు వేస్తున్న ఎండాకాలంలో అన్న పోయాడు. పొద్దున ఛాతీలో మంట అన్నాడు. నిజామాబాద్ తీసుకుపోయేసరికి అయిపోయింది. ఆయనకు పిల్లలు లేరు గనక తలకొరివి నేను పెట్టాను. ఆ రోజు ఎవరు ఏం మాట్లాడారో నాకు పెద్దగా గుర్తులేదు. ఎండ గుర్తుంది.

శవం వెళ్లాక ఇల్లు కడగడం మా దగ్గర ఆనవాయితీ. నిలవ నీళ్లు పారబోస్తారు, వండినవి బయట పడేస్తారు. మా మేనత్త భీమవ్వ ఆ పని ముందుండి చేయించింది. వెనక గది తలుపు తీస్తే తొట్ల నిండా పురుగులు పట్టిన జొన్నలు. సావుకు వచ్చినోళ్లు చూస్తే ఏమనుకుంటారని, కందిరీగల సీసాలతో సహా అన్నీ పెరట్లో కుమ్మరించింది. పక్కింటి కోళ్లు వచ్చాయి. మేం శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి తొట్లు కడిగి గోడకు బోర్లించి ఉన్నాయి.

అత్త మంచి చేసిందనే అనుకుంది. వదిన గోడకు ఆనుకుని కూర్చుని ఆ తొట్లనే చూసింది.

ఆ సాయంత్రం వదిన, "ఫ్రిజ్‌ల అట్టలున్నయి" అంది.

అన్న పోయే ముందు చేసిన అట్టలు. వీరరాఘవయ్య తోటకు పెట్టవలసినవి. చల్లదనంలో కొన్నాళ్లు ఆగుతాయి గానీ, లోపలి కందిరీగలు అప్పటికే బయటికొచ్చే అదునుకు వచ్చాయి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లోనే చస్తాయి. ఆ కందిరీగల్లో మిగిలినవి ఇక అవే. సూతకంలో ఉన్న మేం ఇంకొకరి పొలంలో కాలు పెట్టకూడదు. మా ఇంటి వస్తువు ఎవరూ చేత్తో అందుకోరు.

మూడో రోజు అన్న పేరున పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక వీరరాఘవయ్య పరామర్శకు వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు అవతల చెప్పులు విడిచి నిలబడ్డాడు. అన్న గురించి కొంచెంసేపు మాట్లాడాడు. తర్వాత నేల చూస్తూ, మొవ్వులు ఎండుతున్నాయని, రేపు మందు కొడతానని సతీష్‌బాబు పట్టుబట్టాడని చెప్పాడు. అట్టల మాట అడగలేక అడగడానికే వచ్చాడని నాకు అర్థమైంది.

వదిన లేచి ఫ్రిజ్ తీసింది. అట్టలున్న కవరు తెచ్చి గేటు పక్క అరుగు మీద పెట్టి వెనక్కి జరిగింది. ఆయన దానివైపు చూశాడు. తీసుకోలేదు.

"మైల కదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మా ఇంట్లో ఆడాళ్లు ఒప్పుకోరు."

"ఇంటికి తీస్కపోకుండ్రి. సీదా తోటకే తీస్కపోండ్రి," అంది వదిన. "ఇయ్యాల కాకుంటే ఇగ అవి ఉండయి. ఇంట్ల వేరేయి లెవ్వు."

ఆయన పెరటి గోడకు బోర్లించిన తొట్లను అప్పుడు చూశాడు. ఏమైందని నన్ను అడిగాడు. చెప్పాను. భీమవ్వ అత్త పక్కనే కూర్చుని వింటోంది. విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వీరరాఘవయ్య భుజం మీది తువ్వాలు తీసి అరుగు మీద పరిచి, కవరును దాంట్లోకి జరుపుకుని మూట కట్టాడు. "పిన్ను ఎలా కొట్టాలి ప్రేమ్ బాబూ? ఎప్పుడూ మీ అన్నే కొట్టేవాడు. నేను గట్టు మీద నిలబడి కబుర్లు చెప్పేవాణ్ణి."

ఆకు అడుగున అని చెప్పాను. పైన కొడితే ఎండకు మాడతాయని, చీమలు పట్టిన మొక్కకు వద్దని, ఎండ చల్లబడ్డాకే అని చెప్పాను. అవన్నీ అన్న చెబుతుండగా విన్నవే. దినం అయ్యేదాకా సతీష్‌బాబును ఆపుతానని, అట్టలు కొట్టి కాలవలో స్నానం చేశాకే ఇంటికి పోతానని ఆయన అన్నాడు.

ఆ తర్వాతి రోజులు గడిచాయి. వచ్చేవాళ్లకు అన్న పోయిన సంగతే మళ్లీ మళ్లీ చెప్పాను. భీమవ్వ అత్త పెరట్లోకి పోయి జొన్నలు పడ్డచోట మట్టి వేళ్లతో కెలికి చూసేది. "ఒక్కటన్న ఉండదా కొడకా?" అని అడిగేది. కోళ్లు ఏమీ మిగల్చలేదు.

దినం చేసి మైల తీరిన మర్నాడు పొద్దున వదినా నేనూ క్యాంపు తోటకు పోయాం. వీరరాఘవయ్య మాకోసమే ఉన్నాడు. మొదటి వరుసలో ఒక అట్ట ఆకు పైన కొట్టి ఉంది. ఎండకు ముడుచుకుపోయింది. "అది అలవాటు లేక కొట్టింది" అన్నాడు సిగ్గుపడుతూ. మిగిలినవన్నీ అడుగునే ఉన్నాయి. సతీష్‌బాబు గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేం ఏం చూపిస్తామన్నదాని మీదే ఆ సాయంత్రం మందు కొట్టడమా మానడమా అన్నది ఆగి ఉంది.

వదిన ఆకులు తిప్పి తిప్పి చూసింది. పీక పురుగు గుడ్లు వరుసగా, చేప పొలుసుల్లా అంటుకుని ఉంటాయి. తెల్లగా ఉంటే పురుగు పుడుతుంది, నల్లబడితే పుట్టదు. కొన్ని ఆకుల కింద తెల్లగానే ఉన్నాయి. వదిన ఇంకో సాలులోకి పోయింది. అక్కడ ఒక ఆకు తిప్పి చాలాసేపు అలాగే పట్టుకుంది. గుడ్లన్నీ నల్లగా ఉన్నాయి.

"లోపల మనోళ్లే ఉన్నరు" అంది.

సతీష్‌బాబు గట్టు దిగి వచ్చి చూశాడు. ఇంకో ఆకు తనే తిప్పాడు. అవీ నల్లవే. మొవ్వులు కొన్ని పోయాయి కదా అన్నాడు. పోయాయని వదిన ఒప్పుకుంది. ఈ తడవకు ఆగుతానని, ఇంకా ఎక్కువ ఎండితే మాత్రం కొడతానని అతను తండ్రితో చెప్పి వెళ్లిపోయాడు.

వదిన నల్ల గుడ్లున్న ఆకులు కొన్ని కోసి గాజు సీసాలో పెట్టి మూతికి బట్ట కట్టింది. అన్నీ కోయబోతే నేను ఆపలేదు. తోటకు కొన్ని ఉండాలని తనే ఆగింది.

"మళ్లీ అట్టలు ఎప్పటికి వస్తాయమ్మా?" వీరరాఘవయ్య అడిగాడు.

"ఇవి బతకాలె. జొన్నల్ల పురుగు మల్ల పట్టాలె," అంది వదిన. "ఇప్పుడే ఏం జెప్పుత."

బండి మీద తిరిగొస్తుంటే సీసా నా వెనక వదిన ఒళ్లో ఉంది. ఎండ పడకుండా కొంగు కప్పుకుంది. ఇంటికి వచ్చాక ఆమె వెనక గది తలుపు తీసి, ఖాళీ బల్ల మీద సీసా పెట్టి, కోళ్లు తిరిగే పెరటి వైపు కిటికీ మూసేసింది.