గ్యారేజీలో ఒక్క మనిషి ఆర్కెస్ట్రా

పోయిన గురువారం పొద్దున్నే ఆంటీ ఫోన్. "అంకుల్ లేవట్లేదమ్మా. నిద్రలోనే వెళ్ళిపోయారు" అన్నారు. ఈ పరాయి దేశంలో, క్వేకర్స్ హిల్‌లో మా పక్కింటి అంకుల్, రిటైరైన సివిల్ ఇంజనీరు. ఎనభై దాటాయి, నిండుగా బతికారు. ఏడ్చాను గానీ, ఆయన్ని తలుచుకుంటే నాకు నవ్వే ముందొస్తుంది, ఏం చెయ్యను?

కొన్నేళ్ళ కిందట బ్యాంకు ఉద్యోగం మానేసి, చేతి సైగలతో వాద్యబృందాన్ని నడిపించే ఆర్కెస్ట్రా కండక్టింగ్‌లో మాస్టర్స్‌కి చేరాను. మొదటి రిహార్సల్‌లోనే పరువు పోయింది. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్న చెయ్యి కదా, అలవాటుగా ముందున్న స్టాండు మీద ఠపీమని తాళం వేసింది! అరవై మందీ ఉలిక్కిపడ్డారు. "చెయ్యి పడ్డాక తెలిస్తే వాళ్ళెప్పుడు వాయిస్తారు? ముందే చెప్పాలి" అన్నారు ప్రొఫెసర్. చివరి పరీక్షలోనూ అదే చేస్తే కోర్సు నుంచి బయటికే.

మా గ్యారేజీ గోడకేసి నేను చేతులూపుతూ సాధన చేస్తుంటే చూసి, అంకుల్ కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు.

"నేనున్నాగా ఆర్కెస్ట్రా! ఈ పూట నా రోల్ ఏంటి?"

"ట్రంపెట్, అంకుల్. గట్టిగా ఊదాలి."

"అయ్యో, ముందే చెప్తే అన్నం తక్కువ తినేవాణ్ణిగా!"

ఆయనకి నొటేషన్ చదవడం రాదు. ఆదివారం భజనలో గొంతు కలపడమే తెలుసు. నేను చెయ్యి ఎత్తితే నోరు తెరిచేవారు, దించితే మూసేసేవారు. చప్పుడు మాత్రం వచ్చేది కాదు. ఒకరోజు విసుక్కున్నాను. "అంకుల్, ప్లీజ్, స్టార్ట్ చెయ్యండి!"

"ఎలా చేస్తానమ్మాయ్? నువ్వు ఊపిరి బిగబట్టి నిలబడ్డావ్. నువ్వు గాలి పీలిస్తే కదా నేను పీల్చేది! భజనలో ముందు పాడేవాడి భుజాలు చూసే మేం అందుకుంటాం."

ముందే చెప్పడమంటే ముందు ఊపిరి తీసుకోవడమే! ప్రొఫెసర్ నెల రోజులుగా చెబుతున్నదీ అదే. నా మట్టిబుర్రకి ఆ గ్యారేజీలో ఎక్కింది. ఎంత రుణపడ్డానో ఆయనకి ఏనాడూ సరిగ్గా చెప్పలేదు.

పరీక్ష రోజు మావాళ్ళంతా హాల్లో ముందు వరసలో కూర్చున్నారు. అంకుల్ మాత్రం "రైలెక్కి వచ్చింది నీ వీపు చూడ్డానికా?" అని, అక్కడివాళ్ళని బతిమాలి ఆర్కెస్ట్రా వెనక, నా ముఖం కనిపించే సీట్లలోకి వెళ్ళారు.

చెయ్యి ఎత్తాను. మళ్ళీ ఊపిరి బిగబట్టేశాను. డ్రమ్ముల వెనక, పెళ్ళికొచ్చినట్టు సూటేసుకున్న అంకుల్ భుజాలు మెల్లగా పైకి లేచాయి. వాటితోపాటే నేనూ గాలి పీల్చాను. అరవై మందీ ఒక్కసారిగా అందుకున్నారు.

పాసయ్యానని ప్రొఫెసర్ సాయంత్రం చెప్పారు. అంతకుముందే, మొదటి స్వరం మోగగానే, డ్రమ్ముల పైనుంచి అంకుల్ ముఖం చూశాను. పక్కవాళ్ళ భుజం తట్టి నన్ను చూపిస్తున్నారు, "మా అమ్మాయి" అని.