ముక్కు మాస్టారి తీపి వైన్ తరగతి

అందరూ ఆయన్ని ముక్కు మాస్టారనేవారు. వైన్ గిడ్డంగిలో ముప్పై ఏళ్లు రుచి చూసే ఉద్యోగం చేశాడు. ఒకసారి పనివాళ్లు పందెం వేసుకుని ఆయన కళ్లకు గుడ్డ కట్టారు. వరసగా పదకొండు గ్లాసులు వాసన చూసి ఏది ఏ పీపాలోదో చెప్పాడు. పన్నెండోది పీల్చి, "ఇది నిన్నటి టీ. గ్లాసు కడుక్కోండి ముందు" అన్నాడు. ఆ పేరు అప్పుడే అతుక్కుపోయింది.

యాభై ఏడో ఏట పది రోజులు జ్వరంతో పడుకున్నాడు. లేచి కాఫీ పెట్టుకుంటే వేడినీళ్లు తాగినట్టుంది. పొడి డబ్బాలో ముఖం పెట్టి పీల్చాడు. ఏమీ లేదు. సబ్బు, వెల్లుల్లి, బూట్ల పాలిష్, ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. డాక్టరు పరీక్షించి, "తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. చూద్దాం" అంది. ఆయన రెండేళ్లు చూశాడు.

భార్య పోయి అప్పటికే చాలా కాలమైంది. పిల్లలు లేరు. సంగతి ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులని సాకు చెప్పి గిడ్డంగి మానేసి, ఒక వైన్ దుకాణంలో కౌంటరు పనికి కుదిరాడు. ఇంట్లో పాలు మాడితే పొగ కంటికి కనబడేదాకా తెలిసేది కాదు. ఒంటికి చెమట వాసన వస్తోందేమోనని రోజుకు రెండు చొక్కాలు మార్చేవాడు. బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లేవాడు.

దుకాణం యజమానురాలు ఒకరోజు అడిగింది. "మాస్టారూ, ఆదివారం మధ్యాహ్నాలు కొత్తవాళ్లకి వైన్ల గురించి నాలుగు ముక్కలు చెప్పకూడదూ?"

"తీపి వైన్లయితే చెప్తానమ్మా."

"అవి ఎవరూ కొనరు కదండీ."

"తెలియక కొనరు."

అసలు కారణం వేరు. ముక్కు పోయినా నాలుక మిగిలింది. తీపి, పులుపు, చేదు ఇంకా తెలుస్తున్నాయి. తీపి వైన్ల మంచిచెడ్డల్లో సగం ఆ తీపి పులుపుల పొందికలోనే ఉంటాయి. మిగతా వైన్లలో ఆయన చేతికి అందేది ఇక పెద్దగా లేదు.

ఏడుగురు వచ్చారు. దుకాణం వెనక గదిలో పొడుగు బల్ల మీద చిన్న చిన్న గ్లాసులు పెట్టి మొదలుపెట్టాడు. "ద్రాక్షరసం పులిసేటప్పుడు అందులోని చక్కెర మత్తుగా మారిపోతుంది. మారకుండా కొంత మిగిలితే అదే తీపి వైన్. అందుకు దారులు చాలా ఉన్నాయి. కొందరు పళ్లు కోసి చాపల మీద వడలబెడతారు. చలి ప్రాంతాల్లో తీగ మీదే గడ్డకట్టనిచ్చి పిండుతారు. నీరు మంచుగా లోపలే ఉండిపోయి చిక్కటి రసం బయటికొస్తుంది. ఇంకొందరు సగం పులిశాక ఘాటైన బ్రాందీ పోసి ఆపేస్తారు. మీ గ్లాసులో ఉన్నది మాత్రం బూజు పట్టిన ద్రాక్ష."

రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏం కాదు, తాగండి. పండులో నీళ్లు తను తీసుకుని తీపి మనకు వదిలేసే బూజు ఇది. చుట్టాల్లో అంత మంచివాళ్లు దొరకరు."

అందరూ నవ్వారు. చల్లగా తాగాలని, కొంచెం కొంచెంగా తాగాలని, పక్కన తినే మిఠాయి కంటే వైనే తియ్యగా ఉండాలని, లేకపోతే వైన్ పుల్లగా తోస్తుందని చెప్పాడు. వాసనలు కూడా చెప్పాడు.

మూడో ఆదివారం కొత్త సీసా తీసి, గ్లాసు ఎత్తి, "తేనె. వెనకాల నారింజ తొక్క" అన్నాడు. ఆరుగురు తలలూపి పుస్తకాల్లో తేనె అని రాసుకున్నారు. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ మాత్రం రాయలేదు.

"మాస్టారూ, తప్పయితే ఏమీ అనుకోకండి. నాకు తేనె తెలియట్లేదు. తడిసిన అట్టపెట్టె వాసనొస్తోంది."

బిరడా చెడితే వచ్చే వాసన అది. అలాంటి సీసాలు ఆయన తన కాలంలో వందలు వెనక్కి పంపాడు. మళ్లీ పీల్చాడు. ఏమీ లేదు. 'మీకు అలవాటు లేదులెండి' అన్న మాట నోటిదాకా వచ్చింది. అలా అంటే ఆవిడ నమ్మేసేది. అప్పటికే తలదించుకుని గ్లాసు కేసి చూస్తోంది.

"మీరు చెప్పిందే నిజమమ్మా. ఈ సీసా చెడిపోయింది. నాకు తెలియలేదు. రెండేళ్లుగా నాకు ఏ వాసనా తెలియదు."

పుస్తకం మూసి పోస్ట్‌మాన్ అడిగాడు. "మరి ఇన్నాళ్లూ మాకు చెప్పినవి?"

"గుర్తున్నవండీ."

ఆ సాయంత్రం వేరే ఊళ్లో ఉన్న అక్కకు ఫోన్ చేసి చెప్పాడు.

"అందుకేనా, మా ఇంటికొచ్చినప్పుడు మాడిపోయిన కూర మారు వడ్డించుకున్నావు? నా వంట బాగుపడిందని మురిసిపోయాను కదరా."

ఇద్దరూ నవ్వారు. "రెండేళ్లా," అంది అక్క నవ్వు ఆపి. "ఒక్కడివే ఎలా ఉన్నావురా?"



సోమవారం యజమానురాలికి కూడా చెప్పాడు. "ముందే చెప్పాల్సింది మాస్టారూ. ఇక సరుకు ఎంపికలో మీ మాట తీసుకోలేను" అంది. తరగతి మాత్రం ఆపమనలేదు. తరవాతి ఆదివారం నలుగురే వచ్చారు. లాండ్రీ ఆవిడ అరగంట ముందే వచ్చి, మూతలు తీసి వాసన చూసి, ఏది ఎలా ఉందో చెప్పింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే. ఒకరోజు ఆయన తన చొక్కాల భయం బయటపెడితే ఆవిడ నవ్వింది. "రోజూ వంద చొక్కాలు చూసేదాన్ని నేను. మీ దగ్గర సబ్బు వాసన తప్ప ఏమీ రాదు. నిశ్చింతగా కూర్చోండి బస్సులో."

ఆయన కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆర్నెల్లకు లాండ్రీ మూతపడి ఆవిడ వేరే ఊరు వెళ్లిపోయింది. తరగతికి కొత్తవాళ్లు వచ్చారు. ఇప్పుడు మొదటి మాటగా తన ముక్కు సంగతి చెప్పేస్తాడు. ఆ తర్వాత వాసన ఎలా ఉందో వాళ్లనే అడుగుతాడు. ఈమధ్య ఒకమ్మాయి గ్లాసు ముందు చాలాసేపు తడబడి, "మా అమ్మమ్మ బీరువా తెరిచినట్టుందండీ" అంది.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఏముండేవమ్మా ఆ బీరువాలో?"