గుప్పెడు పల్లీలు

గుత్తి వంకాయ నేను చేసినట్టు మా అత్తగారి వైపు ఎవరూ చేయలేరని పెళ్లయిన కొత్తలోనే పేరొచ్చింది. ఆ పేరు నాకు తలకెక్కింది. ఇది ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

తొంభైల మధ్యలో మేం అశోక్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నేను, మా ఆయన, మా అత్తమ్మ. మా ఆయన ఒక ఆఫీసులో క్లర్కు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి ఉత్తరాల మీద చదరంగం ఆడడం. స్వీడన్‌లో ఒక బడిపంతులుతో ఐదారేళ్లుగా ఆడుతున్నారు. ఇక్కడి నుంచి కార్డు మీద ఒక ఎత్తు రాసి పంపితే నెలకో, నెలన్నరకో అక్కడి నుంచి పైఎత్తు వచ్చేది. ఆ పంతులు తన భార్యతో కలిసి ఇండియా చూడడానికి వస్తున్నానని, హైదరాబాదులో ఒక రోజు మాతో గడుపుతామని రాశాడు. ఉత్తరం చివర, తను పల్లీలు తినకూడదని, దయచేసి వంటలో వేయవద్దని కూడా రాశాడు.

మా ఆయన ఆ ఉత్తరం చదివి వినిపిస్తే మా అత్తమ్మ నవ్వింది. "నాకు సొరకాయ పడదు. తినుడు బంద్ పెట్టిన్నా?" అంది. నిజమే, మా ఇళ్లలో ప్రతివాళ్లకూ ఏదో ఒకటి పడదు. ఒకరికి దురద, ఒకరికి వాతం. విస్తట్లో వడ్డిస్తే మాత్రం అందరూ అన్నీ తింటారు. పంతులు మాటను కూడా నేను ఆ లెక్కలోనే వేసుకున్నాను.

వాళ్లు వచ్చే రోజు తెల్లవారుతుండగానే పొయ్యి వెలిగించాను. పచ్చడిలో పల్లీలు మానేశాను. పులిహోరలో మానేశాను. వంకాయ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనసొప్పలేదు. వట్టి నువ్వులు, కొబ్బరి నూరి వేస్తే పులుసు నీళ్లలా జారుతోంది. దేశం కాని దేశం నుంచి వచ్చినవాళ్ల ముందు ఈ పలచటి పులుసు పెట్టి నా పేరు నేనే చెడగొట్టుకోవాలా అని ఒళ్లు మండింది. గుప్పెడు పల్లీలు వేయించి, పొట్టు తీసి, మెత్తగా నూరి కలిపేశాను. గుప్పెడే కదా, అదీ నూరిందే కదా అనుకున్నాను. పొట్టు మాత్రం చెత్తబుట్టలో ఉల్లి తొక్కల కింద దాచాను. తప్పు కానప్పుడు దాచడం దేనికని ఆ పూట నన్ను నేను అడగలేదు.

స్నానం చేసి వచ్చి మా ఆయన వంటింట్లోకి తొంగిచూశారు.

"పల్లీలు ఎయ్యలే కదా?"

"ఎయ్యలే" అన్నాను.

ఎనిమిది గంటలకు ఇద్దరూ ఆటో దిగారు. పంతులు తాటిచెట్టంత మనిషి, మెత్తటి చూపు. ఆయన భార్య పొట్టిగా, చురుగ్గా ఉంది, భుజానికి ఒక గుడ్డసంచీ. మా అత్తమ్మ ఆవిడకు బొట్టు పెడితే పంతులు కూడా నుదురు వంచి నిలబడ్డాడు. అత్తమ్మ మురిసిపోయి ఆయనకూ పెట్టింది.

చార్మినార్ మధ్యాహ్నం భోజనాలయ్యాక చూపిద్దామని, ముందు మా వీధులు తిప్పడానికి తీసుకెళ్లాం. వాళ్లిద్దరూ చేయీ చేయీ పట్టుకుని నడుస్తుంటే నేను సిగ్గుతో నాలుగడుగులు వెనకే నడిచాను. అశోక్‌నగర్ మలుపులో, సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు చాయ్ తాగుతున్నారు. ఏ దేశం అని అడిగి, స్వీడన్ అనగానే ఒకతను ఆ దేశపు రాజధాని, డబ్బు పేరు, పార్లమెంటు పేరు గడగడా అప్పజెప్పాడు. పంతులు నోరు తెరిచి విన్నాడు. "మా బళ్లో పిల్లలకు కూడా ఇన్ని తెలియవు" అన్నాడు. చిక్కడపల్లి మార్కెట్‌లో ఆవిడ పూలమ్మే ఆమె పక్కన చతికిలబడి మాల కట్టడం నేర్చుకోబోయింది. చుట్టూ గుంపు కూడింది. అంతవరకూ నాకు సంబరంగానే ఉంది.

నారాయణగూడ చౌరస్తాలో పల్లీల బండి కనిపించింది. వేడివేడిగా ఇసుకలో వేగుతున్నాయి. పంతులు తినకపోతే మానె, ఆవిడకేం అని ఒక పొట్లం కొని ఆవిడ చేతిలో పెట్టబోయాను. ఆవిడ చేయి వెనక్కి లాక్కుంది. మొగుడి చొక్కా పట్టుకుని రోడ్డుకు అవతలికి ఈడ్చుకుపోయింది. తర్వాత ఒక్కతే తిరిగొచ్చి, నాకు అర్థం కావాలని ఇంగ్లీషులో ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పింది. చిన్నప్పుడు ఎవరో పెట్టిన బిస్కెట్టులో పల్లీ ముక్క ఉంటే ఆయన మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడట. గొంతు మూసుకుపోతుందట. చనిపోవచ్చట.

నాకు పెద్దగా ఇంగ్లీషు రాదు. చనిపోవడం అన్న మాట మాత్రం తెలుసు.

"మీరేం భయపడకండి, మా ఆవిడ దేంట్లోనూ వేయలేదు" అని మా ఆయన ఛాతీ విరుచుకుని చెప్పారు. ఆవిడ నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమేస్తుంది.

అక్కడే చెప్పేయాల్సింది. పొద్దున అబద్ధమాడానని మా ఆయన ముందు, పరాయివాళ్ల ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఇంటికి పోగానే కూర ఎత్తి పారబోస్తే పీడా పోతుంది అనుకున్నాను. దారంతా అందరికన్నా ముందు నడిచాను.

మేం వెళ్లేసరికి అత్తమ్మ చాపలు పరిచి, విస్తళ్లు వేసి, గిన్నెలన్నీ హాల్లోకి చేరేస్తోంది. గుత్తి వంకాయ గిన్నె ఆమె చేతిలోనే ఉంది.

"అత్తమ్మా, గా కూర పెట్టకు. ఉప్పెక్కువైంది" అన్నాను గుసగుసగా.

ఆమె వేలితో రుచి చూసింది. "ఏడున్నదే ఉప్పు? మస్తుగున్నది. జర పరేషాన్ కాకు, మంచిగ తింటరు" అని నన్ను పక్కకు జరిపి వెళ్లిపోయింది. వెనకాలే పోయి ఆ గిన్నె లాక్కోవాలని ఉంది. మా ఆయన, పంతులు అప్పటికే విస్తళ్ల ముందు కూర్చున్నారు. అందరి ముందూ లాక్కోలేక గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అత్తమ్మ మొదటి వడ్డనే ఆ కూరతో మొదలుపెట్టింది, పంతులు విస్తట్లో రెండు కాయలు, నిండా గుజ్జు. ఆయన మా ఆయన్ని చూసి అన్నం కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిని, ఎంత బాగుందో అన్నట్టు నాకేసి చూసి తలూపాడు.

మూడో ముద్ద ఆయన తినలేదు. పెదవి గోక్కున్నాడు. దగ్గాడు.

"కారం తాకింది, పెరుగు తే" అని అత్తమ్మ కేకేసింది. ఆయన కూడా చేత్తో నోరు విసురుకుంటూ కారమేనన్నట్టు సైగ చేశాడు. పంతులు భార్య లేచి నిలబడి, "పల్లీలా?" అని మా ఆయన్ని అడిగింది. "కాదు మేడమ్, లేవు, నేను కనుక్కున్నాను" అన్నారాయన, నా మాట మీద అంత నమ్మకంతో. ఆవిడ సంచీలో చేయి పెట్టి ఆగింది. ఇలాంటప్పుడు గుచ్చే సూదిమందు సంచీలో ఒక్కటే ఉందని, ఇంకా మూడు వారాల ప్రయాణం ఉందని తర్వాత తెలిసింది.

నేను పెరుగు గిన్నె పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. పంతులు కనురెప్పలు ఉబ్బాయి. మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఊపిరి తీసుకుంటుంటే ఈల వేసినట్టు చప్పుడు. అందరూ కారం కారం అంటున్నారు. ఆ ఇంట్లో నిజం తెలిసింది నా ఒక్కదానికే. నోరు తెరిస్తే నా పరువు పోతుంది, తెరవకపోతే ఆయన పోతాడు. ఇందులో ఆలోచించడానికేముంది? అయినా నేను ఆలోచించాను. ఎంతసేపో చెప్పలేను కానీ, ఆలోచించాను.

"పల్లీలున్నయి!" అని అరిచాను. "కూరల పల్లీలున్నయి!"

మా ఆయన ముఖం పాలిపోయింది. ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో, "పల్లీలున్నాయి. మా అమ్మ తెలియక వేసింది" అన్నారు. ఆవిడ చివరిదాకా వినలేదు. పెన్నులాంటి సూది తీసి, ప్యాంటు మీదుగానే మొగుడి తొడలో గుచ్చి పట్టుకుంది. "అయ్యో దేవుడా" అంటూ అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

రెండు ఆటోల్లో నారాయణగూడలోని ఒక నర్సింగ్ హోమ్‌కు చేరాం. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే తన చేతిలో ఏమీ ఉండేది కాదని డాక్టరు అన్నాడు. నాలుగింటికల్లా పంతులు ఊపిరి సాఫీగా ఆడింది.

అప్పుడు ఆవిడ బయటికొచ్చి, బెంచీ మీద అత్తమ్మ పక్కన కూర్చుని ఆమె చేయి తన చేతిలోకి తీసుకుంది. మీ తప్పు లేదు, మీకు తెలియదు కదా అని మెల్లగా చెప్పింది. అత్తమ్మకు ఒక్క ముక్క అర్థం కాక, ఆవిడ తల నిమురుతూ ఏడ్చింది. మా ఆయన నేలచూపులు చూస్తున్నారు. ఇక నా వల్ల కాలేదు.

"ఆమె కాదు, నేను" అన్నాను వచ్చీరాని ఇంగ్లీషులో. "తెలిసే వేశాను. బండి దగ్గర మీరు చెప్పాక కూడా చెప్పలేదు."

ఆవిడ అత్తమ్మ చేయి వదల్లేదు. నన్నే చూస్తూ, ఎందుకు అని అడిగింది. పులుసు చిక్కగా రావాలని అనడానికి నాకు ఇంగ్లీషు అందలేదు. రుచి కోసం అన్నాను.

"రుచి కోసమా?" అంది ఆవిడ.

జరిగింది మా ఆయన చెబితే విని అత్తమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "నా మీదనే ఉండనిస్తే ఏం పోతుండె బిడ్డా? రేపు పోయేటోళ్లేనాయె" అంది. ఆ మాటకు భోరున ఏడ్చాను. మా దగ్గర మనిషి ఇంతగా ఏడిస్తే ఎవరో ఒకరు పోనీలే అంటారు. ఆవిడ అనలేదు. నా ఏడుపు అయ్యేదాకా ఆగి, ఇది పొరపాటు కాదని, తెలిసే వేశారని డాక్టరుకు చెప్పడానికి లేచి వెళ్లింది.

పంతులుకు దాహమేస్తోందని నర్సు చెప్పింది. నేను పరుగున కుండలో నీళ్లు ముంచి, గ్లాసు కడిగి పోసి తెచ్చాను. ఆవిడ తలుపులోనే నన్ను ఆపింది. కోపంగా ఏమీ అనలేదు, వద్దని తల అడ్డంగా ఊపింది అంతే. కింద దుకాణానికి వెళ్లి, మూత తీయని నీళ్ల సీసా కొనుక్కొచ్చి ఆయనకు తాగించింది. నా చేతి నీళ్లు వద్దన్న మనిషిని నేను నా జన్మలో అదొక్కసారే చూశాను.