గుడ్డముక్క మీద మూడు వరసలు

మిషన్ల మేస్త్రి అంటే ఊళ్లో తెలియనివాళ్లు లేరు. కుట్టుమిషను మొరాయించిందంటే చాలు, నూనెడబ్బాతో హాజరు. నోరు పెద్దది, మనసు మెత్తన. పనయ్యాక గుడ్డముక్క మీద ఒక వరస కుట్టి, ఆ ముక్కను సూది కిందే వదిలేసేవాడు. మరుసటేడు వెళ్లేసరికి అది అక్కడే ఉంటే మిషన్ని ఎవరూ ముట్టుకోలేదన్నమాట. అప్పుడు దానిమీదే ఇంకో రంగు దారంతో ఇంకో వరస వేసేవాడు. "అలంకారానికి కొన్నారు, మహానుభావులు!" అని సణుక్కునేవాడు.

భార్య పోయినప్పట్నించీ ఆయనకి చేతుల్లో వణుకు. రోజూ సాయంత్రం మర్నాటి సూదులన్నిటికీ దారం ఎక్కించి సంచిలో సర్దేది కూతురే. ఏ ఏడు ఏ రంగో కూడా ఆ పిల్లదే నిర్ణయం.

ఆ పిల్లకి హోమ్ సైన్స్ డిగ్రీకి రెండు కాలేజీల్లో సీటొచ్చింది. ఒకటి వీధి చివరి అద్దాల మేడ. రెండోది పూట ప్రయాణం, హాస్టల్లో ఉండాలి, గోడలకి సున్నమైనా లేదు. రెండుచోట్లా మిషన్లు బాగుచేసేది మేస్త్రే.

"నాన్నా, రెండూ లోపల్నించి చూసినవాడివి. ఏది మంచిదో నువ్వే చెప్పు. అందులోనే చేరతా."

దూరం కాలేజీలో ఏటా సూదులు విరిగి, బెల్టులు తెగి ఉంటాయి. పిల్లలు మిషన్ల కోసం కొట్టుకుంటారు. దగ్గరదాంట్లో మిషన్ల మూతలు తీసే నాథుడు లేడు. అంతా తెలుసు ఆయనకి. తెలిసి తెలిసీ, "దగ్గరదే మంచిదమ్మా" అనేశాడు. ఆ పూట అన్నం సయించలేదు.

ఏడాది తిరిగింది. "ఇంకా ఒక్క కుట్టూ వేయించలేదు నాన్నా, అంతా నోట్సులే" అంటూ ఉండేది. మేస్త్రి తల వంచుకుని తినేవాడు.

తనిఖీ ఉందని ఆ కాలేజీ నుంచి కబురొచ్చింది. వెళ్తే, "మీ అమ్మాయేగా, సాయం ఉంటుంది" అని అక్కడి మేడమ్, మేస్త్రి కూతుర్నే తోడు పంపింది.

మొదటి మూత ఆ పిల్లే తీసింది. గుడ్డముక్క మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, మూడు వరసలు. వేలితో ఒక్కొక్కటే తడిమింది.

"ఆకుపచ్చది నేను కాలేజీలో చేరకముందు వేశావు. అప్పటికే పసుపూ ఎరుపూ ఉన్నాయి కదా నాన్నా?"

"ఊఁ."

"మరి నేను అడిగినప్పుడు..."

"నువ్వు వెళ్లిపోతే నేనేమైపోతానో అని భయమేసిందమ్మా. పాపిష్ఠివాణ్ణి."

ఆమె మిగతా మూతలన్నీ తీసి, దులిపి, వరసగా పెట్టింది. "నువ్వు ముందెళ్లు, నేను తర్వాత వస్తా" అంది.

సాయంత్రం మేస్త్రి మర్నాటి సూదులు ముందేసుకున్నాడు. దారం తడిచేసి, కళ్లు చికిలించి, ఎన్నిసార్లు గుచ్చినా కన్నం తప్పిపోతోంది. పక్కగదిలో కూతురు కుర్చీ జరిపిన చప్పుడైంది. పిలవడానికి ఆయనకి మొహం చెల్లలేదు.