రీలు తెగినప్పుడు

జూన్ ఎనిమిది, ఆదివారం. పొద్దున్నే ప్రొద్దుటూరులో మా పాత సినిమా హాలు సగం కూలి కనిపించింది. తెర గోడ పోయింది. ప్రొజెక్టర్ గది చిన్న కిటికీ ఇప్పుడు రోడ్డు మీదికే కనబడుతోంది.

మీకు గుర్తుందా, రీలు తెగితే చీకట్లో హాలంతా ఆపరేటర్‌ను తిట్టేది? ఆ ఆపరేటర్ మా నాన్న. ఆ సంగతి స్నేహితులకు తెలియకూడదని చిన్నప్పుడు ఒకరోజు బెంచీ ఎక్కి అందరికంటే గట్టిగా నేనే అరిచాను: "రేయ్ గుడ్డోడా, నిద్రపోతాండావా?"

ఇంటికొచ్చాక, రీలు అతికించే జిగురు వాసన పోని చేత్తో అన్నం కలుపుకుంటూ నాన్న అన్నాడు: "నీ గొంతు పైదాకా శానా బాగా వినపడిందిమ్మా."

హాలు కూలుస్తున్నారని ఈరోజు నాన్నకు చెప్పాను. "పై గదికి మెట్లుండాయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను.

"అట్లయితే రేపు పొద్దున్నే పోదాం. నువ్వు ఆ కిటికీ దగ్గర నిలబడు. కింద నుంచి నేను అరుస్తా."